‘అబార్షన్ అయింది’ తర్వాత వచ్చే ప్రశ్న

కడుపు దానంతటది పోయినా, కావాలని తీయించుకున్నా మన వాడుకలో మాట ఒకటే: అబార్షన్. ‘అయింది’, ‘చేయించుకుంది’ అనే క్రియలోనే తేడా అంతా. ఆ తేడా కూడా ఎంతోసేపు నిలవదు. “ఏం తిన్నావు? స్కూటీ ఎక్కావా? బిందె ఎత్తావా?” అని అడగ్గానే ‘అయింది’ కాస్తా ‘చేసుకుంది’గా మారిపోతుంది.

అడిగేది సాధారణంగా అమ్మో, అత్తో, పిన్నో. కారణం దొరికితే వచ్చేసారి జాగ్రత్తపడొచ్చని వాళ్ల ఆశ. కానీ బొప్పాయి, నువ్వులు, మెట్లు, గ్రహణం అంటూ వెతికేవన్నీ ఆమె తిన్నవీ, ఆమె తిరిగినవీ. కారణం కోసం మొదలైన వెతుకులాట తప్పు ఎవరిదో తేల్చే దగ్గర ఆగుతుంది. భర్త ఏం తిన్నాడని ఎవరూ అడగరు లెండి.

డాక్టర్ల లెక్క వేరు. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 దాకా నిలవవు. మొదటి 3 నెలల్లో పోయేవాటిలో సగమో అంతకన్నా ఎక్కువో పిండం క్రోమోజోముల్లో తేడా వల్ల పోతాయి. ఆ తేడా చాలావరకు అండం, వీర్యకణం కలిసే వేళకే వచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత తిన్న పండు దాన్ని తేలేదు. అదుపులో లేని షుగర్, థైరాయిడ్, పొగ, మద్యం, పెరిగే వయసు ముప్పు పెంచే మాట నిజమే. ఒకరోజు మేడ మెట్లెక్కడం ఆ కోవలోకి రాదు.

ఇదంతా మన ఒక్కళ్ల చాదస్తమే అనీ అనుకోనక్కర్లేదు. 2015లో వెలువడిన ఓ అమెరికా సర్వేలో 1,084 మందిని అడిగితే, ఒత్తిడి కలిగించే సంఘటన వల్ల గర్భం పోవచ్చని 76 శాతం, బరువెత్తడం వల్ల పోవచ్చని 64 శాతం నమ్మారు. తమకో తమ భాగస్వామికో గర్భం పోయినవాళ్లలో 47 శాతం మందిని అపరాధ భావన వెంటాడింది.

మన దగ్గర దీనికి తోడు ఇంకో కట్టుబాటు ఉంది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదు, దిష్టి తగులుతుంది. గర్భాలు ఎక్కువగా పోయేది సరిగ్గా ఆ నెలల్లోనే. వచ్చిందనే చెప్పనప్పుడు, పోయిందని ఎవరితో చెప్పుకోవాలి? ఆఫీసులో “ఫీవర్” అంటుంది. ఇంట్లో “పోనీలే, కడుపు వస్తుందని తేలింది కదా” అంటారు. ఓదార్చాలనే అంటారు, కానీ ఆమె పోగొట్టుకున్నది ఈ బిడ్డనే. కాన్పయితే పథ్యం, నడికట్టు, పలకరింపులు ఉంటాయి. ఇక్కడ నాలుగో రోజుకి వంటింట్లో ఉంటుంది. లండన్ పరిశోధకులు 2020లో వెల్లడించిన అధ్యయనంలో, గర్భం పోయిన నెలకి 29 శాతం మందిలో, 9 నెలల తర్వాత కూడా 18 శాతం మందిలో పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లలో కనిపించేలాంటి మానసిక గాయం లక్షణాలు కనిపించాయి.

1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టం 9వ సెక్షన్ గర్భస్రావం తర్వాత 6 వారాలు జీతంతో సెలవు ఇచ్చింది; 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లోనూ ఆ సెలవు ఉంది. రుజువు చూపించాలి, అంటే ఆఫీసులో నోరు విప్పాలి. అందుకే చాలామంది రెండు రోజుల సిక్ లీవ్‌తో సరిపెట్టుకుంటారు.

స్కానింగ్‌లో హార్ట్‌బీట్ లేదని చెప్పిన డాక్టరే “ఇందులో మీ తప్పేం లేదమ్మా” అనడానికి అర నిమిషం చాలు. ఆ మాట అనేముందు, బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారినీ, భర్తనీ కూడా లోపలికి పిలవాలి.