మూడో బెట్‌కి కాల్ చెయ్యాలా, పారెయ్యాలా?

ముందు ఆ హ్యాండ్ సంగతి. ఆట పోకర్‌లో నో లిమిట్ హోల్డెమ్ (ఎంతైనా బెట్ పెట్టొచ్చు), క్యాష్ గేమ్ (డబ్బుకి ఆడేది). చేతిలో తలా రెండు ముక్కలు, బోర్డు మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. ప్రతి పాట్‌లోనూ (మధ్యలో పోగైన చిప్స్) వేలు పెట్టే దూకుడు మనిషి ఒకతను బటన్ (డీలర్ చోటు) మీద నుంచి రైజ్ చేశాడు, అంటే బెట్ పెంచాడు. బిగ్ బ్లైండ్‌లో (తప్పనిసరి బెట్ పెట్టే చోటు) ఉన్న మూర్తి డైమను కింగ్, డైమను జాకీతో కాల్ చేశాడు, అంటే అంతే పెట్టి ఆటలో ఉన్నాడు. ఫ్లాప్‌లో (మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) ఆఠీను కింగ్, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు నాలుగు పడ్డాయి. టర్న్‌లో (నాలుగో ముక్క) డైమను రెండు, రివర్‌లో (ఐదోది, ఆఖరిది) కళావరు ఏడు. ఆ దూకుడు మనిషి మూడుసార్లూ బెట్ పెట్టాడు. రివర్‌కి వచ్చేసరికి పాట్‌లో 900 చిప్స్ ఉంటే బెట్ కూడా 900 పెట్టాడు. మూర్తి చాలాసేపు ఆలోచించి ముక్కలు వదిలేశాడు (ఫోల్డ్). వెనక కూర్చుని చూసిన అతని బావమరిది కిరణ్‌కి అది మింగుడు పడలేదు. ఈ వాదంలో నేను కిరణ్ పక్షమే. అలాగని మూర్తి నోరు నొక్కలేదు.

కిరణ్: బావా, బోర్డు మీది పెద్ద ముక్కతో జత, టాప్ పెయిర్ పెట్టుకుని ఎలా పారేశావు? అతను ఎవరో తెలిసి కూడా!

మూర్తి: తెలుసు కాబట్టే పారేశాను. ఎంత దూకుడు మనిషికైనా మంచి ముక్కలు వస్తాయిరా. రెండు బెట్లకి కాల్ చేసినవాడు మూడోదానికి కూడా చేస్తాడని అతనికి తెలియదా? తెలిసీ పెట్టాడంటే చేతిలో ఏదో ఉన్నట్టే.

కిరణ్: "ఉన్నట్టే" అంటే ఎంత?

మూర్తి: ఎంతేమిటి? ఉంది, అంతే.

కిరణ్: అక్కడే నీతో పేచీ. అతని దగ్గర ఉందా లేదా అని ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా తేలదు. నేను ఎన్నిసార్లు గెలిస్తే గిట్టుబాటవుతుందో మాత్రం తేలుతుంది. నువ్వు పెట్టాల్సింది 900. గెలిస్తే వచ్చేది పాట్‌లో 900, అతని బెట్ 900, కలిపి 1800. అంటే మూడింట ఒక్కసారి నీది గెలిస్తే నష్టం లేదు. అతను పాట్‌లో సగం పెట్టి ఉంటే నీకు 25 శాతం చాలు, రెండింతలు పెట్టి ఉంటే 40 కావాలి. ఇప్పుడు నిన్ను కొట్టేవాటిలో అతను మూడుసార్లూ బెట్ పెట్టదగ్గ ముక్కలు లెక్కపెడదాం. బోర్డు మీద ఒక కింగ్, నీ చేతిలో ఒకటి, మిగిలినవి రెండే. కాబట్టి ఆసు-కింగ్ 8 రకాలుగా మాత్రమే ఉండగలదు, కింగ్-క్వీన్ ఇంకో 8. జత ఆసులు 6. తొమ్మిదులు, నాలుగులు, రెండ్లు తలా 3, జత కింగ్‌లు 1, ఒకే గుర్తు కింగ్-తొమ్మిది 1. మొత్తం 33. దానికి సగం, అంటే 17 బ్లఫ్‌లు (బెట్ పెట్టిన ఉత్తి చేతులు) అతని దగ్గర ఉంటే నీ కాల్ సరైనదే. ఇప్పుడు తప్పిపోయిన డ్రాలు, అంటే కావాల్సిన ముక్క పడక ఉత్తివైపోయినవి చూడు. ఈ బోర్డు మీద స్ట్రెయిట్ (వరసగా ఐదు) ఎవరికీ కుదరదు, ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు) కూడా కుదరదు. ఏ జతా తగలని ఇస్పేట్లలో అతను బటన్ మీద రైజ్ చేసేవి తక్కువలో తక్కువ 13 వేసుకుందాం. ఆసుతో ఏడు, ఆసు లేకుండా ఆరు. క్వీన్-జాకీ, జాకీ-పది, క్వీన్-పది ఫ్లాప్‌లో ఒక్క ముక్క కోసం ఎదురుచూసినవే. వాటిలో రెండూ ఇస్పేట్లయినవి ముందే లెక్కలో పడ్డాయి కాబట్టి తీసేస్తే ఇంకో 37. మొత్తం 50. ఆ 50లో మూడో వంతు బ్లఫ్ చేస్తే చాలు. రోజంతా బెట్లు పెట్టే మనిషి ఆపాటి చెయ్యడా?

మూర్తి: నీ 50లో రంధ్రాలు చూపించనా? ఇస్పేటు లేని క్వీన్-పదితో టర్న్‌లో రెండో బెట్ పెడతాడా? రెండు పడింది, అతనికి ఒరిగిందేమీ లేదు. అక్కడే సగం వదిలేసి ఉంటాడు. ఇక ఆసుతో ఉన్న ఇస్పేట్లు అన్నావే, ఏడు! వాటితో రివర్‌లో చెక్ చేసి (బెట్ పెట్టకుండా వదిలి) ఆసు హై (జత లేని ఆసు) తోనే గెలుద్దామనుకునేవాళ్లు బోలెడుమంది. ఇంకొకటి. నీ లెక్కలో నా జాకీ ఏమైంది? క్వీన్-జాకీ మామూలుగా 16 రకాలు. ఒక జాకీ నా చేతిలో ఉంటే 12. జాకీ-పది కూడా అంతే. నేను పట్టుకుందామనుకున్న బ్లఫ్‌లు ఎనిమిదింటిని నా ముక్కే చంపేసింది.

కిరణ్: ఆ ఎనిమిదీ తీసేశాకే 37 అన్నాను. కానీ ఆసు ఇస్పేట్ల మాట సరైన దెబ్బే, ఒప్పుకుంటాను. ఆ ఏడూ పక్కన పెట్టినా ఆరు ఇస్పేట్లు మిగులుతాయి. ఇంకో 11 కావాలి. 37లో 11.

మూర్తి: వస్తాయనే నమ్మకం నీకెక్కడిది? అతను ఫ్లాప్ దాకా దూకుడే, కాదనను. తన ముక్కలు చూడకుండానైనా రైజ్ చేస్తాడు, ఫ్లాప్‌లో బెట్ పెడతాడు. రివర్‌లో పాట్ అంత బెట్ పెట్టి ఉత్తి చేతులు చూపించడం ఎన్నిసార్లు చూశావు? చాలామంది మొదట్లో పులులు, చివరి బెట్ దగ్గరికొచ్చేసరికి నిజాయితీపరులు. ఫ్లాప్‌లో చూసిన దూకుడుతో రివర్ బెట్‌ని అంచనా వేస్తున్నావు నువ్వు.

(ఇది మూర్తి మాటల్లోకెల్లా గట్టిది. పెద్ద రివర్ బెట్లకి విసుగొచ్చి కాల్ చేసి, అవతలివాడు మామూలుగా సెట్ (చేతి జతకి బోర్డు మీద మూడోది) తిప్పి చూపిస్తే నోరెళ్లబెట్టిన వాళ్లందరికీ ఇది తెలుసు.)

కిరణ్: సరే, కొత్త మనిషైతే నువ్వన్నట్టే ఫోల్డ్. కానీ ఇంకోవైపు నుంచి చూడు. పాట్ అంత బెట్‌కి నువ్వు సగం కంటే ఎక్కువసార్లు పారేస్తే, అతను ఏ రెండు ముక్కలతో బెట్ పెట్టినా లాభమే. రెండు బెట్లకి కాల్ చేసి రివర్‌కి చేరినప్పుడు నీ దగ్గర ఏముంటాయి? తొమ్మిదుల జతలు, చిన్న కిక్కర్ (పక్క ముక్క) ఉన్న కింగ్‌లు, తప్పిపోయిన డ్రాలు. వాటన్నిటిలో కింగ్-జాకీ పైవరసలోది. ఇది పారేస్తే ఇంక దేనితో కాల్ చేస్తావు?

మూర్తి: అతనేం యంత్రమా? నేను ఎంత శాతం పారేస్తున్నానో అతనికెలా తెలుస్తుంది?

కిరణ్: ఎలా తెలుస్తుందా! నువ్వే తిప్పి చూపించావు కదా బావా, "చూడండి, ఇది పారేస్తున్నాను" అని!

మూర్తి: అది... మర్యాదకి చూపించాను.

కిరణ్: మర్యాద ఎవరికి? టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లు "అబ్బ, ఎంత క్రమశిక్షణ" అనాలని చూపించావు. అన్నారు కూడా. అతను మాత్రం ఏమీ అనలేదు, ఆ ముక్కలకేసి ఓ క్షణం చూశాడు. నీ దగ్గర టాప్ పెయిర్‌ని కూడా బెదిరించి వదిలించుకోవచ్చని ఆ క్షణంలో తెలిసిపోయింది అతనికి.

మూర్తి: నువ్వు మాట్లాడకు. బ్లఫ్‌కి కాల్ చేసి గెలిచిన ప్రతిసారీ "ఇస్పేట్లు తప్పాయని తెలుసు" అని పాఠం చెప్పేది ఎవరు? నేను ముక్కలు చూపిస్తే, నువ్వు ఏకంగా బుర్రే విప్పి చూపిస్తున్నావు.

కిరణ్: గెలిచినప్పుడు ఓ మాట అనకూడదా?

మూర్తి: అనకూడదు. అతను దాన్నిబట్టి మారతాడు. నిన్న నువ్వు చెప్పిన పాఠం విన్నవాడు ఈరోజు నీ మీద బ్లఫ్ చేస్తాడా? చెయ్యడు. మంచి ముక్కలు వచ్చేదాకా ఆగి, నీ చేత కాల్ చేయించుకుంటాడు. అసలు సంగతి చెప్పనా? నీకు లెక్క తరవాత. ముందు ఎవడో నిన్ను వెర్రివాణ్ణి చేశాడనే అనుమానం నీకు పడదు. కాల్ చేసి ఓడినా ఫర్వాలేదు, చూడకుండా పారెయ్యడం మాత్రం నీ వల్ల కాదు.

కిరణ్: కొంచెం ఉందిలే అది. కానీ పారేసినవాడికి ఉండే సుఖం ఇంకా మోసకారిది బావా. కాల్ చేసి ఓడితే చిప్స్ పోవడం కళ్లారా కనిపిస్తుంది. పారేస్తే పోయింది కనపడదు. 2003లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఫైనల్ చూడు. సామ్ ఫర్హా చేతిలో క్వీన్-తొమ్మిది, బోర్డు మీది తొమ్మిదితో జత కట్టింది, అక్కడ అంతకంటే పెద్ద ముక్కే లేదు. క్రిస్ మనీమేకర్ రివర్‌లో ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ) అన్నాడు. ఫ్లష్ తప్పిందా అని ఫర్హాకి సరిగ్గానే అనుమానం వచ్చింది, అయినా పారేశాడు. అవతల ఉన్నది కింగ్ హై. టైటిల్ మనీమేకర్‌ది.

మూర్తి: అది నీకెలా తెలిసింది?

కిరణ్: టీవీలో చూపించారు కదా.

మూర్తి: అదీ సంగతి. కెమెరా ముక్కలు చూపించింది కాబట్టి ఆ ఫోల్డ్ తప్పని లోకానికి తెలిసింది. సరిగ్గా పారేసిన వేల ఫోల్డ్‌లని ఎవరూ చూపించరు, వాటి గురించి ఎవరూ చెప్పుకోరు. ఒక్క హ్యాండ్ పట్టుకొచ్చి నా మీద వేస్తావేం?

కిరణ్: ఒక్క హ్యాండ్‌తో ఏదీ రుజువు కాదు, నిజమే. నీ ఈ ఫోల్డ్ కూడా కాదు. అతని దగ్గర ఆసు-కింగ్ ఉన్నా నేను ఇదే అంటాను. నేననేది అతని దూకుడు చూసి కోపంతో కాల్ చెయ్యమని కాదు, భయంతో ఫోల్డ్ చెయ్యమనీ కాదు. అతను రివర్‌లో చూపించిన ముక్కలు గుర్తుపెట్టుకో. డ్రాలు తప్పాయా, తగిలాయా చూడు. నీ ముక్కలు అతని బ్లఫ్‌లని అడ్డుకుంటున్నాయా, మంచి హ్యాండ్లనా అని చూడు. నీ చేతిలో ఇస్పేటు లేదు. అంటే తప్పిన ఇస్పేట్లన్నీ అతని దగ్గర ఉండే అవకాశం అలాగే ఉంది. ఇలాంటి చోట ఈ ధరకి నేను కాల్ చేస్తాను. రివర్‌లో ఇస్పేటు పడి ఉంటే మారుమాట లేకుండా పారేస్తాను.

మూర్తి: మరి ఇదే బోర్డు మీద 1800 పెట్టి ఉంటే?

కిరణ్: అప్పుడు 40 శాతం. ఆ 33కి 22 బ్లఫ్‌లు కావాలి. నీ జాకీ తినేసిన ఎనిమిదీ అప్పుడు బరువవుతాయి. కింగ్-జాకీతో ఫోల్డే చేస్తానేమో. కింగ్-ఎనిమిదితో కాల్ చేస్తాను.

మూర్తి: కింగ్-ఎనిమిదితోనా! చిన్నదానితో కాల్, పెద్దదానితో ఫోల్డా?

కిరణ్: అంత పెట్టినవాడు కింగ్-జాకీతోనో కింగ్-పదితోనో పెట్టడు బావా. అతనిది గట్టిదైతే నా రెండు హ్యాండ్లూ ఓడతాయి, ఉత్తిదైతే రెండూ గెలుస్తాయి. ఎనిమిది మాత్రం ఆ క్వీన్-జాకీలని, జాకీ-పదులని ముట్టుకోదు.

మూర్తి: ఈ మాట టేబుల్ దగ్గర ఎవరి ముందూ అనకు.

కిరణ్: అనను. నువ్వు ముక్కలు తిప్పకు.