ఒడంబడికపై ఓటు చట్టసభదే

ఓటింగుకు కొద్దిరోజుల ముందు ఫిలిప్పీన్స్ అధ్యక్షురాలు కొరజోన్ అకినోయే జనాన్ని వెంటబెట్టుకుని సెనేట్ వైపు ఊరేగింపుగా కదిలారు. ఒప్పందాన్ని గట్టెక్కించమని సభను కోరారు. ఆమె పేరు చెప్పుకుని గెలిచిన సభే ఆ మాట కాదంది. 1991 సెప్టెంబరు 16న ఫిలిప్పీన్స్ సెనేట్ అమెరికా నౌకా స్థావరాన్ని మరో పదేళ్లు కొనసాగనిచ్చే ఒడంబడికను 12-11 ఓట్లతో తోసిపుచ్చింది. 1987 నుంచి 1992 దాకా నడిచిన ఆ దేశ ఎనిమిదో కాంగ్రెస్, అంటే సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన చట్టసభ, ఎన్నో చట్టాలు చేసింది. వాటన్నింటికన్నా, ఆనాడు సభ అధ్యక్ష భవనం నీడలోంచి బయటికొచ్చి తన ఓటు తాను వేసుకోవడమే పెద్ద సంగతి అని మేం భావిస్తున్నాం. స్థావరాలు ఉండాలా వద్దా అన్నదానిపై ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, అలాంటి ఒప్పందంపై తుది మాట చట్టసభదే అన్న సూత్రం ఆ రోజు నిలబడింది. ఇప్పుడు అదే దేశంలో ఆ సూత్రం నీరుగారిపోయింది. అందుకే ఆ ఓటును గుర్తు చేసుకోవాల్సి వస్తోంది.

ఆ కాంగ్రెస్ పుట్టిన తీరు తెలిస్తేనే ఆ ధిక్కారం బరువు తెలుస్తుంది. 1972 సెప్టెంబరులో ఫెర్డినాండ్ మార్కోస్ సైనిక చట్టం ప్రకటించి కాంగ్రెస్‌కు తాళం వేశారు. ప్రతిపక్ష సెనేటర్లను జైల్లో పెట్టారు. ఆ తర్వాత దాదాపు పదిహేనేళ్లు ఆ దేశంలో సెనేట్ అన్నదే లేదు. 1986 ఫిబ్రవరిలో మనీలాలోని ఎడ్సా రహదారి మీదికి లక్షలాదిగా తరలివచ్చిన జనం మార్కోస్‌ను దేశం దాటించాక, కొరజోన్ అకినో అధ్యక్షురాలయ్యారు. 1987 ఫిబ్రవరిలో కొత్త రాజ్యాంగం ప్రజామోదం పొందింది. ఆ మే నెల ఎన్నికల్లో 24 సెనేట్ స్థానాలకు 22 ఆమె కూటమికే దక్కాయి. 1972లో జైలుకెళ్లిన సెనేటర్ రామోన్ మిత్రా కొత్త ప్రతినిధుల సభకు స్పీకర్ అయ్యారు. గెలిచినవారిలో చాలామంది అకినో చేయి పట్టుకుని సభలోకి వచ్చినవారే. ఇలాంటి సభ అధికార పక్షానికి తలాడిస్తుందని ఎవరైనా అనుకుంటారు.

స్థావరాల కథ అంతకన్నా పాతది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1946 జులై 4న. ఏడాది తిరగకముందే, 1947 మార్చిలో, క్లార్క్ వైమానిక స్థావరం, సుబిక్ నౌకా స్థావరం సహా ఎన్నో చోట్లను 99 ఏళ్లపాటు అమెరికాకు అప్పగిస్తూ ఒప్పందం కుదిరింది. 1966లో గడువును పాతికేళ్లకు కుదించారు. ఆ లెక్కన 1991 సెప్టెంబరు 16తో అది ముగియాలి. 1987 రాజ్యాంగ రచయితలు దీన్ని ముందే చూశారు. ఆ గడువు తీరాక విదేశీ సైనిక స్థావరం గానీ, దళాలు గానీ దేశంలో ఉండాలంటే సెనేట్ ఆమోదించిన ఒడంబడిక ఉండి తీరాలని రాశారు. ఆ ఆమోదానికి మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది, అంటే 16 మంది, ఔననాలి.

అకినో ఒకప్పుడు స్థావరాలకు వ్యతిరేకమే. అధికారంలోకి వచ్చాక పరిస్థితి మారింది. 1989 డిసెంబరులో సైన్యంలో ఒక వర్గం ఆమెపై తిరగబడినప్పుడు క్లార్క్ నుంచి లేచిన అమెరికా యుద్ధ విమానాలు మనీలా మీద చక్కర్లు కొట్టి తిరుగుబాటుదారులను బెదరగొట్టాయి. ఒక దేశ ప్రభుత్వం నిలవడమో కూలడమో పరాయి విమానాల చేతుల్లోకి పోవడం ఎంతటి ప్రమాదమో ఆ ఒక్క ఘటన చెబుతుంది. 1991 జూన్‌లో పినతూబో అగ్నిపర్వతం బద్దలై క్లార్క్‌ను బూడిదలో ముంచెత్తింది. అమెరికా దాన్ని వదిలేయాలని నిర్ణయించుకుంది. ఇక మిగిలింది సుబిక్. ఆగస్టు 27న కుదిరిన కొత్త ఒడంబడిక ఏడాదికి 20 కోట్ల 30 లక్షల డాలర్ల చొప్పున పదేళ్లకు దాన్ని అప్పగించింది. అప్పటికి దేశం అప్పుల్లో ఉంది. అగ్నిపర్వతం దెబ్బకు లుజోన్ ద్వీపం మధ్య ప్రాంతం కుదేలైంది. సుబిక్ పక్కన ఉన్న ఒలొంగపో పట్టణమంతా ఆ స్థావరం మీదే బతుకుతోంది. ఔనని ఓటేసిన 11 మందిని ఎవరూ అమెరికా తొత్తులనలేరు. వేల కుటుంబాల జీతాలు వారి కళ్ల ముందున్నాయి.

కాదన్న పన్నెండు మంది కూడా ఒక తాటి మీద నడిచేవాళ్లు కారు. సెనేట్ అధ్యక్షుడు జోవిటో సలోంగా 1971 ఆగస్టులో మనీలాలోని ప్లాజా మిరాండా కూడలిలో తమ పార్టీ సభపై గ్రెనేడ్లు పడినప్పుడు చావు అంచు దాకా వెళ్లి వచ్చినవాడు. ఒక కంటి చూపు, ఒక చెవి వినికిడి పోయాయి. మార్కోస్ జైలు కూడా చూశారు. ఆయన ఓటున్న వైపే హువాన్ పోన్సే ఎన్రిలే ఓటూ ఉంది. ఆ సైనిక పాలనకు రక్షణ మంత్రిగా పనిచేసింది ఆయనే. సినీ నటుడు జోసెఫ్ ఎస్ట్రాడా, మార్కోస్ కాలంలో పదేపదే అరెస్టయిన అక్విలినో పిమెంటెల్, అకినోకు తొలినాళ్లలో అధికార ప్రతినిధిగా ఉన్న మానవ హక్కుల న్యాయవాది రెనె సగీసాగ్, చివరికి అకినోకు స్వయానా మరిది అయిన అగపిటో అకినో కూడా కాదన్నవారే. మరో సెనేటర్ విగ్బెర్టో తన్యాడా. స్థావరాల వ్యతిరేక ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచిన ఆయన తండ్రి లోరెంజో తన్యాడా 93 ఏళ్ల వయసులో చక్రాల కుర్చీలో సభకు వచ్చి కూర్చున్నారు. కొడుకు పలికిన ‘కాదు’ను తండ్రి చెవులారా విన్నారు. ఆ పెద్దాయన మరుసటి ఏడాది మే నెలలో కన్నుమూశారు.

ఒక సంగతి గమనించాలి. ఒడంబడికను ఆపడానికి ఎనిమిది ‘కాదు’లు చాలు. పన్నెండు పడ్డాయి. ఒక సభ్యుడు అప్పటికే విదేశాంగ మంత్రి పదవికి వెళ్లిపోవడంతో సభలో ఉన్నది 23 మంది. అంటే మూడింట రెండొంతుల మాట అటుంచి, మామూలు మెజారిటీ కూడా ఒప్పందానికి దక్కలేదు. లెక్కల మడతపేచీతో వీగిపోయిందని అనడానికి ఎవరికీ వీల్లేకుండా పోయింది.

ఇంతమాత్రాన ఎనిమిదో కాంగ్రెస్‌ను ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. ఎడ్సా జనం ఆశించిన భూసంస్కరణను సరిగ్గా ఈ కాంగ్రెసే పలచన చేసింది. 1987 జనవరిలో భూమి అడుగుతూ మనీలాలోని మెందియోలా వంతెన దగ్గరికి వచ్చిన రైతులపై కాల్పులు జరిగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ నెత్తురు మీద 1988 జూన్‌లో వచ్చిన చట్టం భూస్వామికి అయిదు హెక్టార్లు, సేద్యం చేసే లేదా చూసుకునే ఒక్కో సంతానానికి మరో మూడేసి హెక్టార్లు వదిలిపెట్టింది. భూమికి బదులు కంపెనీ వాటాలు ఇచ్చి చేతులు దులుపుకునే దారి కూడా చూపింది. అధ్యక్షురాలి పుట్టింటివారి చెరకు ఎస్టేటు హసియెండా లుయిసిటా ఆ దారినే పట్టింది. అక్కడి కూలీలకు భూమే పంచాలని సుప్రీంకోర్టు తుది తీర్పు చెప్పడానికి 2012 దాకా పట్టింది. 1973 నాటి మన భూపరిమితి చట్టం ఎన్ని సందుల్లోంచి కారిపోయిందో చూసిన తెలుగు రైతులకు ఈ కథ కొత్తేమీ కాదు.

ఒకే కాంగ్రెస్ ఒకచోట అంత ధైర్యం, ఇంకోచోట అంత లొంగుబాటు ఎలా చూపింది? సమాధానం చాలావరకు సభల నిర్మాణంలోనే ఉంది. ప్రతినిధుల సభలో అత్యధికులు జిల్లాల నుంచి వస్తారు. ఆ జిల్లాలు తరతరాలుగా కొన్ని కుటుంబాల గుప్పిట్లో ఉన్నాయి. భూమి వారిది, ఓటు వారిది, సభలో సీటూ వారిదే. సెనేటర్లను మాత్రం దేశమంతా ఒకే నియోజకవర్గంగా ఎన్నుకుంటుంది. ఒక్క జిల్లా పెద్ద అలిగినా వారి కుర్చీ కదలదు. భూమి బిల్లును ఒంటి చేత్తో కాపాడే శక్తి సెనేట్‌కు లేదు. ఒడంబడిక మాత్రం పూర్తిగా దాని చేతుల్లోనే ఉంది.

ఓటు తర్వాత నష్టం నిజంగానే జరిగింది. దాన్ని దాచడం తప్పు. గడువు పొడిగింపుపై చర్చలు విఫలమయ్యాక 1991 డిసెంబరులో మనీలా అమెరికాకు ఏడాది గడువిచ్చింది. 1992 నవంబరు 24న చివరి దళాలు సుబిక్ వదిలి వెళ్లాయి. వేలమంది ఉపాధి వారితోపాటే పోయింది. ఒలొంగపో జనం వేలాదిగా స్వచ్ఛందంగా, జీతం లేకుండా, ఆ ఖాళీ స్థావరాన్ని దోపిడీ కాకుండా కాపలా కాశారు. స్థావరాల భూములను వ్యాపార, పారిశ్రామిక మండలాలుగా మార్చే చట్టం కూడా ఎనిమిదో కాంగ్రెసే 1992 మార్చిలో చేసింది. 1996లో ఆసియా-పసిఫిక్ దేశాధినేతల సదస్సు సుబిక్‌లోనే జరిగింది. ఇక అమెరికా సైనికులకు పుట్టి, తండ్రి అండ లేక మిగిలిపోయిన పిల్లల సంగతి ఎవరూ తీర్చలేదు. ఆసియాలోని అలాంటి పిల్లల కోసం అమెరికా 1982లో చేసిన వలస చట్టంలో ఫిలిప్పీన్స్ పేరే లేదు.

చైనా విషయంలో ఆ ఓటుపై వచ్చే విమర్శ మరింత గట్టిది. 1995లో చైనా, దక్షిణ చైనా సముద్రంలో ఫిలిప్పీన్స్ తనదనే మిస్చీఫ్ దిబ్బను ఆక్రమించింది. సుబిక్‌లో నౌకలుంటే అంత సాహసం చేసేది కాదని ఎంతోమంది అంటారు. కావచ్చు. కానీ అమెరికాతో 1951 నాటి పరస్పర రక్షణ ఒప్పందం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. భద్రతకు మళ్లీ విదేశీ దళాలు కావాలనిపిస్తే దానికీ రాజ్యాంగం దారి చూపింది. 1991లో కాదన్న ఎస్ట్రాడా అధ్యక్షుడయ్యాక 1999లో అమెరికా దళాల రాకపోకలకు సంబంధించిన ఒప్పందాన్ని సెనేట్ ముందు పెట్టారు. అది 18-5తో నెగ్గింది. ఆయన మనసు మార్చుకున్నారని తప్పుపట్టేవారు ఉండొచ్చు. సభను దాటిపోలేదు కదా, మాకు ముఖ్యం అదే.

ఈ చర్చ మనకూ తగులుతుంది. మన దేశంలో విదేశీ ఒప్పందం కుదుర్చుకోవడానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు. 1991 తొలినాళ్లలో గల్ఫ్ యుద్ధం సాగుతుండగా చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా సైనిక విమానాలకు మన విమానాశ్రయాల్లో ఇంధనం నింపుకోనిచ్చింది. గొడవ అయ్యాక ఆపారు గానీ, ఓటుకు పెట్టింది లేదు. ప్రపంచ వాణిజ్య ఒప్పందానికి పునాది అయిన డంకెల్ ముసాయిదాపై తెలుగు పల్లెల్లో సైతం సభలు జరిగాయి. 1994 ఏప్రిల్‌లో మరకేష్‌లో సంతకం మాత్రం ప్రభుత్వ నిర్ణయంతోనే పడింది. 2008లో అమెరికాతో అణు ఒప్పందం వేళ లోక్‌సభ 275-256తో ఓటేసింది ప్రభుత్వం మీద విశ్వాసానికే. పైగా విప్ దాటితే సభ్యత్వం పోతుంది. ఫిరాయింపుల చట్టం ఎందుకు వచ్చిందో, ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూల్చిన 1984 ఆగస్టు చూసిన తెలుగువారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రభుత్వాన్ని నిలపడం, కూల్చడం వరకు విప్ ఉండనివ్వండి. దేశాన్ని దశాబ్దాలపాటు కట్టిపడేసే ఒప్పందాలు ఉభయ సభల ముందుకు రావాలి. వాటిపై సభ్యులు స్వేచ్ఛగా ఓటెయ్యాలి. ఆ మేరకు చట్టం తేవాలని మేం కోరుతున్నాం.

ఉన్న హక్కు ఎలా జారిపోతుందో చూడాలన్నా మళ్లీ మనీలా వైపే చూడాలి. 2014 ఏప్రిల్‌లో కొరజోన్ అకినో కుమారుడు బెనిగ్నో అకినో ప్రభుత్వం అమెరికాతో రక్షణ సహకార ఒప్పందం కుదుర్చుకుంది. ఫిలిప్పీన్స్ సైనిక శిబిరాల్లో అమెరికా దళాలు, సామగ్రి ఉండనిచ్చే ఆ ఒప్పందాన్ని సెనేట్‌కు పంపలేదు. ఇది ఒడంబడిక కాదు, ప్రభుత్వాల మధ్య ఏర్పాటే అంది. సగీసాగ్, విగ్బెర్టో తన్యాడా కోర్టుకెక్కారు. తన ఆమోదం కావాల్సిందేనని 2015లో సెనేట్ తీర్మానించింది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వానికే వంత పలికింది. మార్కోస్ కుమారుడు అధ్యక్షుడిగా ఉన్న 2023లో శిబిరాల సంఖ్య అయిదు నుంచి తొమ్మిదికి పెరిగింది. ఒప్పందం తొలి పదేళ్ల గడువు 2024లో తీరింది. ఏ పక్షమూ వద్దనకపోతే దానంతటదే కొనసాగుతుందని అందులోనే రాసుకున్నారు. దానిపై సెనేట్‌లో ఇప్పటిదాకా ఆమోదం కోసం ఒక్క ఓటింగూ జరగలేదు. ఆ పత్రాన్ని సభ ముందు పెట్టాలి. ఔననాలా, కాదనాలా అన్నది ఆ సెనేటర్లు తేల్చుకోవాలి.