మూడు చెర్రీలు: ఒక మహాభాష్యం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో నిలబడి ఫోనులో స్లాట్ మెషీన్ అనే బొమ్మచక్రాల జూదం తిప్పితే వరుసగా మూడు ఏడులు పడి తీరతాయని మా బావమరిదికి గట్టి నమ్మకం. ఇటువంటి ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది గాని, ఆ సంగతి అతని ఫోనుకు ఎవరూ చెప్పలేదు. అందువల్ల 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కలిపి డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను నిషేధించేవరకు, వారానికి రెండు సాయంత్రాలు అతడు అక్కడొక చెరకు రసం బండి పక్కన నిలబడి తన సిద్ధాంతాన్ని పరీక్షకు పెడుతూ వచ్చాడు. ఏడులు ఎన్నిసార్లు పడ్డాయో అతడు మాకు చెప్పలేదు. గంట బొమ్మలు పడిన సంగతి మాత్రం ప్రతిసారీ తెలిసేది. మూడు గంటలు పడటమంటే విజయనగరం గంటస్తంభం పిలుస్తున్నట్టు శకునమని చెప్పి, అతడు తిన్నగా బస్సెక్కి మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఆ గంటలు దాదాపుగా ఆదివారాల్లోనే, అందులోనూ మా ఇంట నాటుకోడి వండిన ఆదివారాల్లోనే ఎందుకు పడేవన్నది సంఖ్యాశాస్త్రవేత్తలు తేల్చవలసిన విషయం.

ఇటువంటి స్వతంత్ర వ్యాఖ్యానాలు ప్రబలుతున్నందున, స్లాట్ మెషీన్ చక్రాల మీది బొమ్మలకు ప్రామాణికమైన భాష్యం ఒకటి అవసరమని భావించి, ఎవరూ అడగకపోయినా ఈ బాధ్యతను నెత్తికెత్తుకుంటున్నాను. వేదాలకు భాష్యం ఉంది, పంచాంగానికి ఫలశ్రుతి ఉంది, చివరికి బల్లిపాటుకు కూడా శాస్త్రం ఉంది. కోట్లమంది జేబులను ఖాళీ చేసిన చెర్రీ పండుకు మాత్రం తెలుగులో ఒక వ్యాఖ్య లేకపోవడం మన పండితలోకపు అలసత్వమే.

ముందుగా చెర్రీ సంగతే చూద్దాం. మన జిల్లాల్లో చెర్రీ అంటే కిళ్ళీ మీద గుచ్చేది, బేకరీ కేకు నడినెత్తిన కూర్చునేది. అది చాలాసార్లు చెర్రీ కాదు. గింజ తీసి, పాకంలో ఊరబెట్టి, ఎర్రరంగు పట్టించిన వాక్కాయ అది. పొలం గట్టున ముళ్ళకంపలో పుట్టి, పప్పులో పులుపుగా బతకవలసిన వాక్కాయ, కాస్త రంగు పులుముకోగానే విదేశీ పండై పుట్టినరోజు కేకు మీద పీఠం వేసుకుంది. దీన్ని చూసి నవ్వే ముందు, స్లాట్ మెషీన్ మీది అసలు చెర్రీ ఏమిటో తెలుసుకోవాలి. అది కూడా పండు కాదు, చూయింగ్ గమ్. ఆ గమ్ కూడా గమ్ కాదు, జూదం. వేషం మీద వేషం కట్టడంలో మన వాక్కాయ దాని ముందు ఇంకా అప్రెంటిస్ దశలోనే ఉంది.

చరిత్రకు వస్తే, 1891లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో సిట్‌మన్, పిట్ అనే ఇద్దరి కంపెనీ పేకముక్కల యంత్రాన్ని ఒకదాన్ని తయారు చేసింది. అయిదు డ్రమ్ములు, వాటి మీద మొత్తం యాభై ముక్కలు. పేకలో ఉండేవి యాభై రెండు కదా అని ఎవరైనా లెక్క అడిగితే, సాధారణంగా ఇస్పేటు పదినీ ఆఠీను జాకీనీ తీసేసేవారని సమాధానం. ఆ రెండూ లేకపోతే ఇస్పేటులోనూ ఆఠీనులోనూ పది నుంచి ఆసు దాకా సాగే అన్నిటికన్నా పెద్ద వరుస కుదిరే దారే ఉండదు, అంటే పెద్ద బహుమతికి ఉన్న నాలుగు దారుల్లో రెండు మొదట్లోనే మూసుకుపోతాయి. పేకాటలో ముక్క దాచినవాణ్ణి మన పల్లెల్లో అరుగు మీదినుంచి దింపేస్తారు. యంత్రం దాస్తే దాన్ని ఇంజనీరింగ్ అన్నారు. గెలిచినవాడికి ఆ యంత్రం డబ్బు ఇచ్చేది కాదు. బారు యజమాని తన దయకొద్దీ ఒక గ్లాసు బీరో, ఒక చుట్టో ఇచ్చేవాడు.

ఆ తరువాత బవేరియా నుంచి వలస వచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడిన చార్లెస్ ఫే అనే మెకానిక్, 19వ శతాబ్దం ముగిసేలోగా, అయిదు డ్రమ్ములను మూడు చక్రాలకు తగ్గించి, నాణేలను తానే రాల్చే యంత్రాన్ని నిర్మించాడు. చక్రాలు మూడైతే గెలుపోటముల లెక్క యంత్రానికి సులువవుతుంది. మా విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి ఉండగా ఆ మూడు సంఖ్య మహిమ కనిపెట్టడానికి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోవలసి రావడం విచారకరమే. ఫే తన చక్రాల మీద వేసిన బొమ్మలు గుర్రపు లాడం, డైమను, ఇస్పేటు, ఆఠీను, గంట. ఈ జాబితాను మా ఊరి జాతరలో గుండాట బల్ల దగ్గర కూర్చునేవాడికి చదివి వినిపిస్తే అతడు ఆశ్చర్యపోడు. బల్ల మీద గీసిన బొమ్మలపై జనం చేత డబ్బు పెట్టించి, డబ్బాలో పాచికలను గిలకొట్టి బోర్లించే ఆ పెద్దమనిషికి తెలిసిన సూత్రమే ఇదీను: బొమ్మ ఎంత తెలిసినదైతే, దాని మీద చెయ్యి అంత ధైర్యంగా పడుతుంది. అతని పేరున మాత్రం ఎక్కడా ఫలకం లేదు, పోలీసు స్టేషన్‌లో రికార్డు ఉంది. ఫే యంత్రానికి శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ వీధిలో చారిత్రక ఫలకం ఉంది.

ఈ బొమ్మలన్నిటిలో లాడం విధి మరీ జాలి గొలిపేది. శని పట్టకుండా మన వాళ్ళు గుమ్మానికి కొట్టే వస్తువు అది. ఫే యంత్రంలో రెండు లాడాలు పడితే వచ్చేది అన్నిటికన్నా చిన్న బహుమతి. మూడు గంటలు పడితే పెద్ద బహుమతి, అంటే పది నికెలు నాణేలు, మొత్తం యాభై సెంట్లు. ఆ గంట అమెరికా స్వాతంత్ర్య చిహ్నమైన ఫిలడెల్ఫియా గంటే, యంత్రం పేరు కూడా లిబర్టీ బెల్లే. లండన్‌లో పోతపోయించి తెప్పించిన ఆ గంట 1752లో మొదటిసారి మోగించి చూసినప్పుడే పగిలింది, తిరిగి పోతపోశారు, తరువాతి శతాబ్దంలో మళ్ళీ పగిలింది. జూదానికి ఇంతకన్నా నిజాయితీగల చిహ్నాన్ని ఎవరు ఎంచగలరు? పగులు ఉన్న సంగతి అందరికీ తెలుసు, అయినా అది మోగుతుందనే ఆశ మాత్రం పోదు.

ఫే ఆ యంత్రాలను అమ్మేవాడు కాదు. బారుల్లో పెట్టి రాబడిలో సగం తీసుకునేవాడు. 1905లో ఒక బారునుంచి అతని యంత్రాన్ని ఎవరో ఎత్తుకుపోయారని, కొద్దికాలానికే చికాగోలో మిల్స్ కంపెనీ అచ్చం అటువంటిదే తయారు చేసిందని చెబుతారు. పక్కనుండే ఒక్క పిడిని చూసి లోకం ఒంటిచేతి బందిపోటు అని పిలిచిన యంత్రమే దొంగల పాలైందన్నమాట. దొంగను దొంగ దోచుకుంటే ఫిర్యాదు ఎవరివ్వాలన్నది న్యాయశాస్త్రంలో తీరని సందేహం.

అసలు పళ్ళు పండింది నిషేధాల ఋతువులో. శాన్‌ఫ్రాన్సిస్కో 1909లో, నెవాడా రాష్ట్రం 1910లో, కాలిఫోర్నియా 1911లో ఈ యంత్రాలను నిషేధించాయి. చట్టం వద్దన్నది జూదాన్ని కదా, చూయింగ్ గమ్‌ను కాదు కదా అని తయారీదారులు చాలా వినయంగా ఆలోచించారు. యంత్రం పక్కన ఒక గమ్ అర అమర్చారు. నాణెం వేసి పిడి లాగిన ప్రతి పెద్దమనిషీ గమ్ కొన్నవాడే. చక్రాల మీది పేకముక్కల గుర్తులు పోయి ఆ గమ్ రుచులను గుర్తుచేసే పళ్ళు వచ్చాయి: చెర్రీ, నారింజ, రేగును పోలిన ప్లమ్, నిమ్మ. గమ్ కంపెనీ చీటీ బొమ్మ నల్లటి పట్టీగా మారి, చివరకు దాని మీద బార్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి. అది మద్యం దుకాణం బోర్డని నమ్మి, మూడు బార్లు పడ్డ రాత్రి మా బావమరిది సమీపంలోని బార్ అండ్ రెస్టారెంటుకు కృతజ్ఞతాపూర్వకంగా వెళ్ళి వచ్చాడు. చీటీకీ సారాకీ సంబంధం లేదని తరువాత చెప్పాను. "ముందే సెప్పొచ్చు కదా బావా" అని అతడు నా పాండిత్యాన్ని తప్పుపట్టాడు.

గమ్ చాలదన్న అనుమానం వచ్చినచోట, తరువాతి ఆటలో ఎంత వస్తుందో ముందే చూపించే కిటికీని కూడా కొన్ని యంత్రాలకు అమర్చారు. ఫలితం ముందే తెలిసినప్పుడు అది అదృష్టం మీద ఆట ఎలా అవుతుందని వాదన. ఈ ఆటలో ఏమీ రాదని కిటికీ స్పష్టంగా చెబుతున్నా జనం నాణెం వేసేవారు, ఎందుకంటే దాని తరువాతి ఆటలో ఏముందో చూడాలంటే ఈ ఆట ఆడాలి. ఇంత చక్కటి తర్కం మన న్యాయశాస్త్ర పండితులకు దొరికి ఉంటే టీకా తాత్పర్యాలతో నాలుగు సంపుటాలు వచ్చేవి.

మనం కూడా ఏమంత తక్కువ తిన్నవాళ్ళం కాదు. 1967లో మన రాష్ట్ర ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న కేసులోనే సుప్రీంకోర్టు పదమూడు ముక్కల రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా తేల్చింది. ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి అన్నది దాని కారణం, అది న్యాయమైన మాటే. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు మన దేశంలో ప్రతి పందెమూ నైపుణ్యం అనే గమ్‌ను నములుతూనే తిరిగింది. అమెరికా వాడికి నోట్లో ఒక తీపి వస్తువైనా మిగిలింది, మనకు మాట మాత్రమే.

ఇక నిమ్మకాయ. కొత్త బండి చక్రాల కింద నలిగేది, దుకాణం గుమ్మంలో మిరపకాయలతో వేలాడేది, మన దృష్టిలో అరిష్టాన్ని అడ్డుకునే వస్తువు. చెర్రీకి ఒంటరిగా కూడా అంతో ఇంతో విలువ ఉన్న ఆ పాత యంత్రాల్లో, మూడు నిమ్మకాయలు వరుసగా పడినా చాలావాటిలో పైసా రాలేది కాదు. అంటే ఆ ఒక్క బొమ్మ మాత్రమే తన వ్యాపారం గురించి ఉన్నదున్నట్టు చెప్పింది.

విదేశీ పళ్ళు ఎందుకు, ఉద్దానం కొబ్బరి, పలాస జీడిమామిడి, మన పనస, తాటిముంజె వేస్తే ప్రాంతీయ ఆత్మగౌరవం నిలుస్తుంది కదా అని మా బావమరిది ఒక ప్రతిపాదన చేశాడు. సదుద్దేశమే అయినా శాస్త్రరీత్యా దీన్ని తిరస్కరించక తప్పదు. మనకు తెలిసిన పండును మనం నమ్మం. సంతలో పనసపండు ఎదుట పడితే చూపుడువేలు మడిచి రెండుసార్లు మీటి చప్పుడు వింటాం, తొడిమ దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాం, ఒక తొన రుచి చూపించమంటాం, అమ్మే ఆమె తిడితే పక్క గంపకు పోతాం. ఇంత పరీక్ష పెట్టే జనం ముందు చక్రం మీద పనసను తిప్పితే, పిడి లాగే ముందు పిడిని కూడా మీటి చూస్తారు. చెర్రీని మీటి చూసే విద్య మనకు ఎవరూ నేర్పలేదు. దాని బలమంతా అదే.

భాష్యంలో అన్నిటికన్నా గహనమైన సూత్రం చివర ఉంది. ఫే యంత్రంలో చక్రానికి పది నిలుపులు (చక్రం ఆగగల చోట్లు), అంటే మూడు చక్రాలకు వెయ్యి కూర్పులు. మిల్స్ వాళ్ళు ఇరవై చేశారు, ఎనిమిది వేలయ్యాయి. అంతవరకు కంటికి కనిపించే చక్రమే అసలు చక్రం, ఓపిక ఉన్నవాడు బొమ్మలు లెక్కపెట్టుకోవచ్చు. 1984లో ఇంగే టెల్నెస్ అనే ఇంజనీరుకు ఒక పేటెంటు వచ్చింది. కనిపించే చక్రానికి ఇరవై రెండు నిలుపులే ఉన్నా, లోపల కంప్యూటరులో అరవై నాలుగో అంతకన్నా ఎక్కువో నిలుపులున్న కనిపించని చక్రం తిరుగుతుంది. బయట చూస్తే కూర్పులు 10,648, లోపల అరవై నాలుగు చొప్పున 2,62,144. ఉన్న అవకాశం కన్నా ఎక్కువ అవకాశం ఉన్నట్టు ఆటగాడికి అనిపించడం ముఖ్యమన్న భావాన్ని ఆ పేటెంటు పత్రంలోనే రాసుకున్నారు, దాచుకోలేదు. పెద్ద బహుమతి బొమ్మకు లోపల ఒక్క నిలుపు ఇచ్చి, దానికి పైనా కిందా ఉన్న ఖాళీ జాగాలకు ఎక్కువ నిలుపులు ఇస్తే, మూడో ఏడు గెలుపు గీతకు అంగుళం ఎగువనో దిగువనో మాటిమాటికీ ఆగుతుంది. ఓడినవాడు ఓడానని అనుకోడు, కొద్దిలో తప్పిందని అనుకుంటాడు. ఆ రోజునుంచి గంటకూ చెర్రీకీ ఏడుకూ యంత్రంతో ఏ సంబంధమూ లేదు. యంత్రం లోపల గుడ్డిగా ఒక అంకె తీసుకుంటుంది, బొమ్మ మన కోసం వేసిన వాల్‌పోస్టరు. మా బావమరిది ఏడు రోడ్లలో నిలబడినా, మా పెరట్లో నిలబడినా, లోపలి అంకెకు అతని చిరునామా తెలియదు.

ఈ విషయాన్నంతా మొన్న ఆదివారం గంటస్తంభం దగ్గరి కిరాణా దుకాణంలో అతనికి విశదంగా బోధించాను. ఫోనులో యాప్ పోయినా గంటలు పడుతూనే ఉన్నందువల్ల అతడు భోజనానికి వచ్చి ఉన్నాడు. నలభై ఏడు రూపాయల సరుకుకు యాభై ఇచ్చాను. చిల్లర లేదని దుకాణదారు సీసా మూత తిప్పి, చూడకుండా చెయ్యి పెట్టి, మూడు బిళ్ళలు గల్లా బల్ల మీద వరుసగా పెట్టాడు. నారింజ, నారింజ, నిమ్మ. మా బావమరిది వంగి వాటిని చాలాసేపు చూశాడు.

"సూడు బావా, ఒక్కటే తప్పిపోనాది" అని, జేబులోంచి ఇంకో యాభై తీశాడు.