నూటపదహార్ల ఎర్రలైటు

తిరుచానూరు రోడ్డులో కల్యాణ మండపం. తెల్లవారుజామున 4:40కి ముహూర్తం. మూడు కెమెరాలు, వాటిలో ఏ బొమ్మ జనానికి వెళ్లాలో బటన్‌తో ఎంచే ఒక స్విచ్చర్, అమెరికా చుట్టాలకు లైవ్. డెకరేషన్ వాళ్లు పూలస్తంభం జరపబోయి కేబుళ్లు పీకేశారు. స్విచ్చర్ ముందున్న మహానుభావుడు వాటిని మళ్లీ గుచ్చాడు. బొమ్మ వచ్చింది కదా, ఇంకేం కావాలి?

టాలీ కావాలి, అంటే కెమెరా మీది సూచన లైటు. కెమెరా మీద ఎరుపు వెలిగితే నీ బొమ్మ జనం చూస్తున్నారు, కదలొద్దు అని. ఆకుపచ్చ అయితే తర్వాతి వంతు నీదే, సర్దుకో అని. ఏదీ లేదంటే నీ ఇష్టం. అయితే ఏ కేబుల్ చివర ఏ కెమెరా ఉందో స్విచ్చర్‌కు తెలియదు. దానికి తెలిసింది ఇన్‌పుట్ నంబరే, అంటే కేబుల్ గుచ్చిన రంధ్రం నంబరు. 2వ ఇన్‌పుట్ ప్రోగ్రామ్‌లోకి, అంటే జనం చూసే బొమ్మలోకి, వెళ్తే టాలీ పెట్టెలో 2వ రిలే అనే చిన్న స్విచ్ టక్కుమని రెండు తీగల్ని కలుపుతుంది, అంతే. ఆ తీగల చివర ఎవరి లైటుంటే వాళ్లది వెలుగుతుంది. అందుకే వీడియో కేబుల్ జాగా మారితే టాలీ తీగ కూడా మారాలి. మన మహానుభావుడు 2, 3 వీడియో కేబుళ్లు తారుమారు చేశాడు. టాలీ తీగలు పాతచోటే ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఆయనకు తెలిస్తే కదా!

జీలకర్ర బెల్లం వేళ 3 నొక్కాడు. జనానికి వెళ్లింది కెమెరా 2 బొమ్మ, ఎరుపు వెలిగింది కెమెరా 3 మీద.

కెమెరా 2 అబ్బాయి మంచి పనివాడు. లైటు లేదు కాబట్టి ఫోకస్ చూసుకుందామనుకున్నాడు. దానికి పద్ధతుంది: జూమ్ పూర్తిగా లాగి, అక్షరాల మీద ఫోకస్ పట్టి, మళ్లీ వెనక్కి రావాలి. జూమ్‌లో ఫోకస్ అందే లోతు బాగా తక్కువ, అక్కడ కుదిరితే వెడల్పులోనూ కుదురుతుంది. మరి మండపంలో నల్లటి అక్షరాలు ఎక్కడుంటాయి? చదివింపుల పుస్తకంలో.

న్యూజెర్సీలో అక్షింతలు పట్టుకు కూర్చున్నవాళ్లకు టీవీ నిండా కనిపించింది: ‘పెళ్లికొడుకు మేనమామ, 116’. ఫోకస్ మాత్రం అద్భుతం. ఇంకు ఆరని చోటు కూడా మెరిసింది.

“మూడూ! ఏందబ్బా అది, పైకెత్తు!” అని హెడ్‌సెట్‌లో కేక. వధూవరుల్ని చక్కగా పట్టుకున్న కెమెరా 3, తలపై ఎర్రలైటు వెలుగుతుండగానే, పాపం పైకెత్తాడు. పుస్తకం కదల్లేదు. “ఇంకా పైకి రా అబ్బోడా!” ఇంకా ఎత్తాడు, సీలింగ్ ఫ్యాను వచ్చింది. ఇంకొంచెం ఎత్తుంటే శేషాచలం కొండలే కనిపించేవి. పుస్తకం అట్లానే ఉంది.

చివరికి 2 నొక్కాడు. ఫ్యాను వచ్చింది. ఇప్పుడు ఎరుపు కెమెరా 2 మీద పడింది కదా, ఆ అబ్బాయి ఊపిరి బిగబట్టి పుస్తకం మీదే బిగుసుకుపోయాడు. కంగారులో మన ఆపరేటర్ ఒక బొమ్మను ఇంకో బొమ్మలోకి మెల్లగా కలిపే ఫేడర్ తోసి సగంలో ఆపేశాడు. మిక్స్ నడిచేటప్పుడు రెండు బొమ్మలూ గాల్లో ఉన్నట్టే, కాబట్టి రెండు లైట్లూ ఎరుపే వెలగాలి. వెలిగాయి. ఆ పెళ్లిలో ఆ రెండు లైట్లూ నిజం చెప్పింది ఆ ఒక్కసారే. మేనమామ 116 మీద ఫ్యాను రెక్కలు గిర్రున తిరిగాయి.

కెమెరా 1 ఇంతసేపూ పెళ్లికూతురి ముఖం మీదే ఉంది. ఆ బటన్ ఒకటుందని ఎవరికీ గుర్తు రాలేదు.

రిటర్న్ ఫీడ్‌లో, అంటే స్విచ్చర్ నుంచి తిరిగి వచ్చే వీడియోలో, టాలీ అందుకునే కెమెరాలకూ ఇదే రోగం: మెనూలోని కెమెరా నంబరు ఇన్‌పుట్ నంబరుతో కలవకపోతే లైటు వేరేచోట వెలుగుతుంది. దేనికైనా పరీక్ష ఒకటే. ఒక్కొక్కరూ లెన్స్ ముందు చెయ్యి ఊపాలి, ఆ బటన్ నొక్కాలి. తెర మీద చెయ్యి, దాని కింద పేరు, కెమెరా మీద లైటు ఒకే మనిషివి కావాలి. మూడు కెమెరాలకు రెండు నిమిషాలు. మా జట్టు ఆ రెండు నిమిషాలూ ఉప్మాకు ఇచ్చింది.

భోజనాలప్పుడు మేనమామే స్విచ్చర్ దగ్గరికి వచ్చాడు. “నాయనా, నేను రాయించింది 1116. ముందరుండే 1 మీ బొమ్మలో తెగిపోయుండాది.”