లండన్ స్టైల్ అట!

మొన్న కర్టెన్లు కొందామని షాపుకి వెళ్తే, తెల్లటి గుడ్డ మీద ఎర్రపూల తీగలు పాకినది ఒకటి పరిచి "ఇది ఇంగ్లిష్ డిజైన్ మేడమ్, లండన్ స్టైల్" అన్నాడు ఆ అబ్బాయి. అతని తప్పేం లేదు. ఇంగ్లండ్ వాళ్ళే దాన్ని తమ పల్లెటూరి ఇళ్ళ గుర్తుగా చెప్పుకుంటారు. కానీ ఇంటికొచ్చాక కూడా నాకు ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

వాళ్ళు దాన్ని చింట్జ్ అంటారు. హిందీ ఛీంట్ నుంచి పుట్టిన మాట. మా అమ్మమ్మ చీటిగుడ్డ అనేది. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం రేవుకి చేరింది. ఆ శతాబ్దం గడిచేలోపే లండన్ దొరసానుల గౌన్లకీ, మంచాల తెరలకీ మన తీరపు అద్దకం పాకిపోయింది. ఎందుకంటారా? అప్పట్లో అక్కడ గుడ్డ మీద వేసిన రంగు ఉతికితే పోయేది. మనవాళ్ళు గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి, పటిక పెట్టి, చిరివేరుతో ఉడికిస్తే వచ్చే ఎరుపు ఎన్ని ఉతుకులకైనా నిలిచేది.

దానికి వాళ్ళ జవాబు చట్టం! 1700లో అద్దకపు గుడ్డలు తెచ్చి అక్కడ అమ్మడాన్ని నిషేధించారు. సరే, తెల్లగుడ్డ తెప్పించుకుని లండన్‌లోనే అచ్చు వేసుకున్నారు. దాంతో తమ గుడ్డకి గిరాకీ తగ్గిన అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళ బాధ తీరలేదు. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ పేట నేతగాళ్ళు చీటిగౌను వేసుకున్న ఆడవాళ్ళ వెంటపడి బట్టలు చింపారు, యాసిడ్ చల్లారు. వాళ్ళ ఆకలి నిజమే, కాదనను. కానీ లాభం తిన్నది కంపెనీ, దెబ్బ తిన్నది దారిన పోయే ఆడమనిషి. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. ఇక 1721 చట్టంతో ఆ గుడ్డ ఒంటి మీద వేసుకోవడమే నేరమైంది.

1774లో సడలించారు, అదీ తమ దేశంలో తయారైన నూలుగుడ్డకే. ఆ మరుసటేడు, పేరున్న నటుడు డేవిడ్ గారిక్ భార్యకి కలకత్తా నుంచి కానుకగా వచ్చిన మంచం తెరల్ని కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్నారు. విడిపించమని ఆయన అధికారులకి ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. కోరమాండల్, అంటే మన తూర్పు తీరపు పనితనమున్న ఆ తెరలు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

తర్వాత మిల్లులొచ్చాయి, రోలర్ మిషన్లొచ్చాయి, అవే పువ్వులు గజాల కొద్దీ అచ్చయ్యాయి. ఇప్పుడు ఇంగ్లిష్‌లో చింట్జీ అంటే చవకబారుది అని అర్థం. ఒకప్పుడు జరిమానాకి కూడా భయపడకుండా వేసుకుని తిరిగిన గుడ్డ పేరు అది. మచిలీపట్నం పక్కనున్న పెడనలో ఇవాళ్టికీ చెక్క అచ్చులతో అద్దుతున్నవాళ్ళకి ఆ అర్థం ఎలా చెప్తాం?