సాహస యాత్రికులకు జగిత్యాల నుంచి ఒక మనవి

ఉద్యోగం వదిలేసి, వీపుకు బ్యాగు తగిలించుకుని దేశాలు తిరిగొచ్చిన కుర్రాళ్లు ఇప్పుడు మన కాలేజీల్లో ఉపన్యాసాలు ఇస్తున్నారు. 'కంఫర్ట్ జోన్ దాటండి' అని హనుమకొండలో ఏసీ హాల్లో చెబితే పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. సంతోషం. కానీ ఈ రంగంలో ఉత్తర తెలంగాణకున్న సీనియారిటీని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం మాత్రం ఘోరమైన అన్యాయం.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన దగ్గర పాత మాట. మూడూ సాహసాలే. మొదటిది భూమిలోకి, రెండోది జనరల్ బోగీలోకి. విమానం ఉన్నది మూడోదాంట్లోనే కాబట్టి దాని సంగతే చూద్దాం.

వ్లాగర్లు స్పాన్సర్ల కోసం కాళ్లరిగేలా తిరుగుతారు. మన సిరిసిల్ల తమ్ముడికి ఆ బాధ లేదు, స్పాన్సర్ ముందే ఖాయం. గల్ఫ్‌లో పనిచ్చి, వీసాకు పూచీ పడే యజమాని. ఆయన్ని కఫీల్ అంటారు. ఎడారిలో ఎక్కడ పారేసుకుంటాడో అని, దిగీదిగగానే పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో భద్రం చేస్తాడు. అలా ఉంచుకోకూడదని అక్కడి చట్టాలు అంటాయి. చట్టాలకు ఇంత ప్రేమ ఎక్కడ అర్థమవుతుంది!

ఖర్చు విషయానికొస్తే, రిక్రూటింగ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఏజెంట్లు ఈ నిబంధనను ఎంతో గౌరవిస్తారు. రసీదు ఆ 30,000కే ఇస్తారు. మిగతా లక్షలు ఊళ్లోనే మూడు రూపాయల మిత్తికి దొరుకుతాయి.

పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే వలస వెళ్లే ముందు సర్కారు తనిఖీ కావాలని ఉంటుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. అంత తలనొప్పి ఎందుకని కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కించేస్తారు. అంటే కాగితాల ప్రకారం మనవాడు పక్కా టూరిస్టు. ఇంకా అనుమానమా? చేతిలో కెమెరా బదులు తాపీ ఉంటుంది, అంతే తేడా. నెలలు గడిచినా జీతం రాకపోతే కంపెనీ గేటు దాటి ఖల్లివెల్లి, అంటే యజమానిని వదిలి కాగితాల్లేకుండా బతికేవాడు, అయిపోతాడు. రేపు ఎక్కడ పడుకుంటాడో తెలియదు, ఎల్లుండి ఏం తింటాడో తెలియదు. 'ప్లాన్ లేని ప్రయాణం' పేరుతో ఇదే అనుభవాన్ని నగరాల్లో డబ్బు తీసుకుని నేర్పిస్తున్నారు.

వెళ్లేటప్పుడు శంషాబాద్ దాకా తుఫాన్ బండిలో ఇంటిల్లిపాదీ ఇరుక్కుని పోవడం కూడా యాత్రలో భాగమే. నిజాం కాలంలో, 1930లో వరంగల్ దగ్గర కట్టిన మామునూరు విమానాశ్రయం ఉంది కదా అంటారేమో. అది 1981లోనే మూతపడింది. తర్వాత శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకోటి రాకూడదన్న ఒప్పందం అడ్డొచ్చింది. మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చిందట. ఇంటి పక్కనే విమానం ఎక్కితే ఇంక సాహసం ఏముంటుంది, నాకైతే బెంగగా ఉంది.

ఇక బుర్జ్ ఖలీఫా. ఎత్తు 828 మీటర్లు. మన వ్లాగర్ టికెట్ కొని, లిఫ్టెక్కి, పైన సెల్ఫీ దిగి 'మాటల్లేవు' అని రాసుకుంటాడు. ఆ లిఫ్టు బిగించకముందే పైకి చేరిన వేల మంది కార్మికుల్లో ఎక్కువమంది మన దక్షిణాసియా వాళ్లే. వాళ్లకు సబ్‌స్క్రైబర్లు లేరు. నెలనెలా డబ్బులు ఎప్పుడొస్తాయని అడిగే ఫాలోయర్లు మాత్రం ఊళ్లో దండిగా ఉన్నారు.

ప్రభుత్వం గుర్తించలేదని నేననను. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని 2024లో జీవో తెచ్చింది. అయితే ఆ కేటగిరీకి అర్హత సంపాదించడం కొంచెం కష్టం. కనుక బతికి తిరిగొచ్చిన వాళ్లకు, ఇంకా రాలేక అక్కడే ఉన్నవాళ్లకు వేరే కేటగిరీలో ఒక సాహస యాత్రికుల పురస్కారం పెట్టాలని కోరుతున్నాను. దరఖాస్తుకు పాస్‌పోర్టు జిరాక్సు చాలని మాత్రం ముందే రాయాలి. అసలుది కఫీల్ బీరువాలో ఉంటుంది.