గో అరౌండ్ చేస్తే అంత ఏడుపెందుకండీ?

ఇప్పుడే దిగాను. సూట్‌కేసు కోసం బెల్టు దగ్గర నిలబడి, కోపం చల్లారక ఇది టైప్ చేస్తున్నాను.

చక్రాలు నేలకి తగలబోతున్నాయనగా ఇంజన్లు హోరుమన్నాయి, విమానం మళ్ళీ పైకి లేచింది. దీన్నే గో అరౌండ్ అంటారు. ఓ పావుగంట చుట్టు తిరిగి శుభ్రంగా దిగాం. అంతే, పక్క సీటు పెద్దమనిషి అందుకున్నాడు: "కంట్రోల్ టవర్లో కూర్చుని నిద్రపోయేవాళ్ళకి జీతాలెందుకండీ?" వెనక వరసలో ఇద్దరు వంత. ఒకాయనైతే వీడియో కూడా తీశాడు. మృత్యుంజయుడినని పెట్టుకోవడానికి కాబోలు.

అయ్యా, ఈ ఎయిర్‌పోర్టులో రెండు రన్‌వేలు కత్తెరలా ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఎవడు కట్టమన్నాడంటారా? గాలి. విమానం ఎదురుగాలిలో లేవాలి, ఎదురుగాలిలో దిగాలి. గాలి దిశ మారుతుంది కాబట్టి పాతకాలంలో రెండు మూడు వైపులకి రన్‌వేలు వేశారు. ఇప్పుడు పక్కపక్కన వేసుకుందామంటే స్థలం ఎక్కడుంది? అడ్డ రన్‌వే మీద విమానం నాలుగు సెకన్లు ఆలస్యంగా కదిలినా టవర్లో మనిషి వేసుకున్న లెక్కంతా పోతుంది. మాకు ఏం అడ్డొచ్చిందో ఎవరూ చెప్పలేదు. కానీ "వద్దు, పైకెళ్ళు" అన్నవాడు నిద్రపోతున్నవాడెలా అవుతాడు?

నిజంగా తప్పు జరిగితే ఎలా ఉంటుందో అమెరికాలో బోస్టన్ ఎయిర్‌పోర్టుని అడగండి. 2005 జూన్‌లో టవర్లోని ఇద్దరు కంట్రోలర్లు, అడ్డంగా కోసుకునే రెండు రన్‌వేల మీద, కొద్ది సెకన్ల తేడాతో రెండు విమానాలకి టేకాఫ్ క్లియరెన్స్ ఇచ్చేశారు. ఒక విమానంలో ఫస్ట్ ఆఫీసర్ ఎదుటి విమానాన్ని చూసి, ముక్కు పైకి లేవకుండా కంట్రోల్‌ని ముందుకి నొక్కి పట్టాడు. అది నేలమీదే దూసుకుపోయింది, రెండోది దాని మీదుగా ఎగిరిపోయింది. ఆ రోజు వాళ్ళని కాపాడింది ఆ రెండు చేతులే.

పైగా కోసుకునే రన్‌వేల దగ్గర గో అరౌండ్ కూడా పూర్తి క్షేమం కాదు. పైకి లేచిన విమానం ఆ కూడలి మీదుగానే పోవాలి, అప్పుడే అడ్డ రన్‌వే నుంచి ఇంకోటి లేస్తుండొచ్చు. అమెరికాలో ప్రమాదాల మీద దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2013లోనే ఈ విషయం మొత్తుకుంది. ఆకాశంలో విమానాలు ఢీకొనకుండా పైలట్లని హెచ్చరించే టీకాస్ అనే పరికరం ఉంది కదా అనకండి. నేలకి దాదాపు వెయ్యి అడుగుల లోపు అది "ఎక్కు, దిగు" అని చెప్పదు. అంటే అక్కడ ఉన్నది ఒక కిటికీ, ఒక మైకు, ఒక మనిషి.

ఆ మనిషి నెత్తిన ఇంకో మనిషి పని కూడా పెడతారు. 2025 జనవరిలో వాషింగ్టన్ రీగన్ ఎయిర్‌పోర్టు దగ్గర హెలికాప్టర్, విమానం ఢీకొని 67 మంది పోయారు. ఆ రాత్రి విమానాలనీ హెలికాప్టర్లనీ చూసే పని ఒకే కంట్రోలర్ చేతిలో ఉంది. మనుషుల్ని తగ్గించేది పైవాళ్ళు, ఫ్లైట్లు కుక్కేది పైవాళ్ళు. తేడా వస్తే మాత్రం "మానవ తప్పిదం". ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2001లో ఇటలీలో మిలాన్ లినాటే ఎయిర్‌పోర్టులో పొగమంచులో రెండు విమానాలు ఢీకొని 118 మంది చనిపోయారు. అప్పుడు నేలమీద విమానాలని చూపించాల్సిన రాడార్ పని చేయడం లేదు. అది కూడా మానవ తప్పిదమేనండీ, కాకపోతే ఆ మానవులు టవర్లో లేరు.

సరే, ఇదంతా వదిలేయండి. నాకు అసలు మండింది దీనికి కాదు. "ప్రాణాలంటే లెక్కలేదు వీళ్ళకి" అని ఉపన్యాసం ఇచ్చిన ఆ పెద్దమనిషే, విమానం ఇంకా టాక్సీ అవుతుండగానే బెల్టు తీసి, లేచి, నా తల మీద నుంచి బ్యాగు లాగాడు. మోచెయ్యి నా చెవికి తగిలింది. సారీ లేదు. ఎన్నేళ్ళ నుంచో ప్రతి ఫ్లైట్‌లోనూ ఇదే జాతి. 2024 జనవరిలో టోక్యో హనేడాలో రన్‌వే మీద ఉన్న కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొని పెద్ద విమానం మంటల్లో ఉంటే, అందులోని 379 మందీ బయటపడ్డారు. బ్యాగుల కోసం ఎగబడకపోవడం కూడా దానికి ఒక కారణం. మా విమానమే అలా తగలబడి ఉంటే ఈయన నడవలో అడ్డంగా నిలబడి చక్రాల సంచీ లాగుతూ ఉండేవాడు.

అదిగో, ఈయన సూట్‌కేసు నాకంటే ముందే వచ్చేసింది కూడా.